చట్టం గీసిన వంశవృక్షం: సర్ ఎడ్వర్డ్ కోక్ కుటుంబ చరిత్ర

పదహారు, పదిహేడు శతాబ్దాల ఇంగ్లండులో న్యాయవాద వృత్తి వల్ల పైకి వచ్చిన ఒక కుటుంబం చరిత్రను నిర్మించబూనిన పరిశోధకుడికి ఎదురయ్యే మొదటి విశేషం ఆధారాల స్వభావంలోనే ఉంది. సాధారణ రైతు కుటుంబానికి చర్చి రిజిస్టరులో రెండు మూడు పంక్తులు తప్ప మరేమీ మిగలని ఆ కాలంలో, న్యాయవాది కుటుంబానికి క్రయపత్రాలు, వీలునామాలు, వివాహ ఒప్పందాలు, దావా కాగితాలు కట్టలు కట్టలుగా మిగిలాయి. పైగా వాటిలో చాలావాటిని రాసినవారు, రాయించినవారు, కోర్టులో వాటి అర్థం గురించి వాదించినవారు ఆ కుటుంబంలోని మనుషులే. కాబట్టి అవి కుటుంబ జ్ఞాపకాలు కావు. ఎవరు వారసులు, ఎవరు కారు అనే ప్రశ్నకు ఆస్తి అవసరాన్ని బట్టి ఆయా సందర్భాల్లో చెప్పుకొన్న సమాధానాలు. ఆ కాలపు ఇంగ్లీషు న్యాయవేత్తల్లో అగ్రగణ్యుడైన సర్ ఎడ్వర్డ్ కోక్ కుటుంబాన్ని వెనుకకూ ముందుకూ వెతికి చూస్తే, వంశం అనేది ఎంతవరకు రక్తసంబంధమో, ఎంతవరకు చట్టం నిర్మించిన బంధమో స్పష్టంగా తెలుస్తుంది.

కోక్ నార్ఫోక్ జిల్లాలోని మైలమ్ గ్రామంలో 1552 ఫిబ్రవరి 1న జన్మించాడు. నార్విచ్‌లోని పాఠశాలలోనూ కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలలోనూ చదివి, 1572లో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్‌లో చేరి, 1578లో బారిస్టరయ్యాడు. ఆ తరువాత సొలిసిటర్ జనరల్, పార్లమెంటు దిగువ సభ స్పీకరు, అటార్నీ జనరల్ పదవులను వరుసగా నిర్వహించి, 1606లో కామన్ ప్లీస్ కోర్టుకు, 1613లో కింగ్స్ బెంచ్ కోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యాడు. రాజు అధికారం కూడా చట్టానికి లోబడినదేనని పట్టుబట్టినందుకు 1616లో జేమ్స్ రాజు చేత పదవి నుంచి తొలగింపబడ్డాడు. 1628లో పార్లమెంటు చార్లెస్ రాజు ముందుంచిన హక్కుల విన్నపం వెనుక ప్రధాన శక్తిగా నిలిచి, 1634 సెప్టెంబరు 3న మరణించాడు. ఆయన ఇంటిపేరును కోక్ అని రాసి కుక్ అని పలికేవారు. అప్పటి రాతప్రతుల్లో ఆ పేరు పలు రూపాల్లో కనిపిస్తుంది కనుక, అక్షరక్రమాన్ని నమ్ముకొని వెతికేవారికి సగం ఆధారాలు చేజారుతాయి.

ఆధారాల స్వరూపం

ఇంగ్లండులో జననమరణ వివాహాల నమోదు హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ 1538లో జారీ చేసిన ఉత్తర్వుతో మొదలైంది. ప్రతి చర్చి పరిధిలోనూ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో రాయాలన్నది ఆ ఉత్తర్వు సారాంశం. తొలినాటి పుస్తకాలు కాగితంపై రాసినవి కావడంతో చెడిపోతున్నాయని, వాటిని తోలుపత్రాలపైకి ఎక్కించాలని, ఏటా ఒక నకలు బిషప్పుకు పంపాలని 1598లో మరో ఆదేశం వెలువడింది. అంటే కోక్ తరానికి ఈ రిజిస్టర్లు పనికివస్తాయి గాని, ఆయన తాతల తరానికి పనికిరావు. తేదీల విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. అప్పటి ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కనుక, కోక్ పుట్టిన ఫిబ్రవరి నెల ఆనాటి లెక్కలో ఇంకా 1551లోనిదే. 1752లో ఈ పద్ధతి మారేవరకు జనవరి, ఫిబ్రవరి, మార్చి నెలల తేదీలన్నిటినీ ఈ సవరణతోనే చదవాలి.

రిజిస్టర్లకు ముందు కాలానికి వెళ్లాలంటే భూమి కాగితాలే దిక్కు. వాటిలో ముఖ్యమైనవి ‘ఫైన్’ అనే ఒప్పంద పత్రాలు. భూమిని అమ్మేవాడూ కొనేవాడూ ముందే మాట్లాడుకొని, కోర్టులో ఒకరిమీద ఒకరు ఉత్తుత్తి దావా వేసుకొని, రాజీ పడినట్లు కోర్టు చేతనే రాయించుకొనేవారు. ఒకే తోలుపత్రంపై మూడుసార్లు రాసిన ఆ రాజీని వంకరటింకర గీత వెంబడి కోసి, రెండు ముక్కలు ఇరుపక్షాలకు ఇచ్చి, అడుగు ముక్కను ఖజానాలో భద్రపరిచేవారు. 1195 నుంచి 1833లో రద్దయ్యే వరకు ఈ అడుగు ముక్కల వరుస సాగింది గనుక, భార్యాభర్తలు కలిసి భూమి అమ్మిన సందర్భాల్లో, మరెక్కడా పేరు దొరకని స్త్రీ కూడా వాటిలో కనిపిస్తుంది.

రెండవది మరణానంతర విచారణ. రాజు నుంచి సైనిక సేవ షరతుపై నేరుగా భూమి పొందిన వ్యక్తి మరణిస్తే, స్థానిక జ్యూరీ సమావేశమై, అతనికి ఏయే భూములు ఉన్నాయో, వారసుడు ఎవరో, అతని వయసెంతో ప్రమాణపూర్వకంగా తేల్చేది. వారసుడు మైనరైతే అతని సంరక్షణ, పెళ్లి చేసే హక్కు రాజుకు దక్కేవి. ఆ హక్కును డబ్బుకు అమ్మడానికే 1540లో ‘కోర్ట్ ఆఫ్ వార్డ్స్’ ఏర్పడింది. ఇంగ్లండులో 1646లో పార్లమెంటు నిలిపివేసి, 1660లో చట్టపూర్వకంగా రద్దు చేసిన ఈ కోర్టు పేరు తెలుగు జమీందారీ కుటుంబాల చరిత్ర చదివినవారికి కొత్తది కాదు. మైనరు జమీందార్ల ఎస్టేట్ల నిర్వహణకు మద్రాసు ప్రభుత్వం 1804లో చేసిన అయిదవ రెగ్యులేషన్ ఆ పేరునే వాడుకుంది. అయితే ఇంగ్లండులో అది రాజు ఆదాయ మార్గం కాగా, మద్రాసులో దాని ప్రకటిత ఉద్దేశం ఎస్టేటు చెడిపోకుండా, జమీందారు ప్రభుత్వానికి కట్టే పేష్కష్ ఆగకుండా చూడడం.

మూడవ రకం ఆధారం న్యాయవాద సంఘాల దస్తరాలు. లింకన్స్ ఇన్, గ్రేస్ ఇన్, ఇన్నర్ టెంపుల్, మిడిల్ టెంపుల్ అనే నాలుగు ‘ఇన్’లు వకీళ్లు నివసిస్తూ, భోంచేస్తూ, చట్టం నేర్చుకొంటూ గడిపే సంఘాలు; వాటిలో సీనియరు పాలకులను బెంచర్లు అనేవారు. లింకన్స్ ఇన్ సమావేశాల పుస్తకాలు 1422 నుంచి, ఇన్నర్ టెంపుల్ పుస్తకాలు 1505 నుంచి లభిస్తున్నాయి. టెంపుల్‌లోని అంతకుముందు కాగితాలను 1381 నాటి రైతు తిరుగుబాటులో జనం తగలబెట్టారు. భూమి హక్కులూ వెట్టి బాధ్యతలూ కాగితాల్లోనే ఉన్నాయని తిరుగుబాటుదారులకు బాగా తెలుసు.

తండ్రి వైపు భూమి, తల్లి వైపు వృత్తి

తరువాతి కాలపు వంశావళులు కోక్ కుటుంబాన్ని జాన్ రాజు పాలనలో, అంటే 1199కీ 1216కీ మధ్య, నార్ఫోక్‌లో ఉన్న విలియమ్ కోక్ అనే వ్యక్తి వరకు తీసుకుపోతాయి. మధ్యలోని తరాలు మనుషులుగా కాక పేర్లుగానే మిగిలినందున, గట్టి నేల తగిలేది ఎడ్వర్డ్ తండ్రి రాబర్ట్ కోక్ దగ్గరే. ఆయన లింకన్స్ ఇన్‌లో బారిస్టరై, బెంచరై, నార్ఫోక్ కక్షిదారుల వ్యాజ్యాలు నడిపి సంపాదించిన డబ్బుతో కాంగమ్, వెస్ట్ ఏకర్, హేజ్‌బరో వంటి చోట్ల మేనర్లు కొన్నాడు. మేనరు అంటే ప్రభువు సొంత సాగుభూమి, కౌలుదారుల పొలాలు, చిన్న స్థానిక న్యాయసభ కలిసి ఉండే గ్రామీణ ఎస్టేటు. వీటితోపాటు కుటుంబ చిహ్నం ధరించే హక్కు కూడా ఆయనకు లభించింది. వృత్తి, దానివెంట భూమి, భూమివెంట చిహ్నం అనే ఈ క్రమం ఆ కాలపు వకీలు కుటుంబాలన్నిటికీ దాదాపు ఒక్కటే.

రాబర్ట్ 1561 నవంబరులో మరణించి లండన్‌లోని హోబర్న్ ప్రాంతపు సెయింట్ ఆండ్రూ చర్చిలో ఖననమయ్యేనాటికి ఎడ్వర్డ్‌కు తొమ్మిదేళ్లు. ఎనిమిదిమంది సంతానంలో అతనొక్కడే కుమారుడు, మిగిలిన ఏడుగురూ కుమార్తెలు. పెద్ద కుమారుడికే భూమి మొత్తం దక్కే ఇంగ్లీషు పద్ధతిలో, కుమారుడు ఒక్కడైనప్పుడు విభజన ప్రశ్నే రాదు. ఏడుగురు అక్కచెల్లెళ్ల తరువాతి చరిత్ర తండ్రి భూముల కాగితాల్లో కనిపించకపోవడానికీ కారణం అదే. ఆడపిల్లల జాడ పట్టుకోవాలంటే వారు మెట్టిన ఇళ్ల కాగితాల్లోకి వెళ్లవలసిందే.

ఎడ్వర్డ్ జీవితాన్ని తీర్చిదిద్దిన బంధుత్వం ఎక్కువగా తల్లి వైపునుంచి వచ్చింది. తల్లి వినిఫ్రెడ్ నైట్లీ తండ్రీ తాతా నార్ఫోక్ ప్రాంతంలో న్యాయవృత్తిలో ఉన్నవారే. ఆమె సోదరి ఆడ్రీ, తరువాత క్వీన్స్ బెంచ్ న్యాయమూర్తి అయిన థామస్ గాడీని పెళ్లాడింది. తండ్రి సభ్యుడైన లింకన్స్ ఇన్‌ను కాదని కోక్ ఇన్నర్ టెంపుల్‌లో చేరాడన్న విషయాన్ని వంశవృక్షంలోని తండ్రి కొమ్మ వివరించలేదు. గాడీ సోదరులు ఇన్నర్ టెంపుల్ వారన్న సంగతి తెలిస్తే, పెదతల్లి పినతల్లుల పెళ్లిళ్లు కూడా వృత్తి చరిత్రలో భాగమని తేటపడుతుంది. పేరు తండ్రి శాఖ నుంచి వచ్చినా, పరిచయాలూ కక్షిదారులూ తల్లి శాఖ నుంచి రావచ్చు. ఇంటిపేరునే పట్టుకొని పైకి పోయే వంశావళి ఈ రెండవ దారిని చూడలేదు.

పేర్ల చిక్కుముడి

గాడీ కుటుంబం పరిశోధకుడికి పెద్ద పరీక్ష. ఆ ఇంట్లో ఒకే తండ్రికి వేర్వేరు భార్యల వల్ల కలిగిన ముగ్గురు కుమారులకూ థామస్ అనే పేరే పెట్టారు. ముగ్గురూ న్యాయవృత్తిలోకే వెళ్లారు. మొదటివాడు ‘సార్జెంట్’ అనే ఉన్నత న్యాయవాద శ్రేణికి ఎదిగి 1556లో మరణించాడు. రెండవవాడు కోక్ తల్లి సోదరి అయిన ఆడ్రీని పెళ్లాడిన న్యాయమూర్తి, 1588లో మరణించాడు. మూడవవాడు చర్చిలో ధ్రువీకరణ సంస్కారం జరిగినప్పుడు ఫ్రాన్సిస్ అనే కొత్త పేరు పుచ్చుకున్నాడు. బాప్తిస్మం పేరు ఒకటి, ధ్రువీకరణ పేరు మరొకటి అయినప్పుడు క్రయపత్రంలో ఏ పేరు చెల్లుతుందన్న ప్రశ్న వచ్చింది. రెండో పేరు చెల్లుతుందనడానికి ఈ ఫ్రాన్సిస్ గాడీనే ఉదాహరణగా కోక్ 1628లో ప్రచురించిన తన ‘ఇన్‌స్టిట్యూట్స్’ మొదటి భాగంలో పేర్కొన్నాడు. ఈ ఒక్క ప్రస్తావన లేకపోతే, రిజిస్టరులోని థామస్‌నూ న్యాయమూర్తి ఫ్రాన్సిస్‌నూ ఇద్దరు మనుషులుగా లెక్కించడం ఎంతో సులువు.

ఈ ఫ్రాన్సిస్ గాడీయే 1605లో కామన్ ప్లీస్ ప్రధాన న్యాయమూర్తి అయి కొద్ది నెలలకే మరణించగా, ఆ స్థానానికి కోక్ వచ్చాడు. వారి మధ్య మరో దారం కూడా ఉంది. ఫ్రాన్సిస్ కుమార్తె ఎలిజబెత్‌ను సర్ విలియమ్ హాటన్ పెళ్లాడాడు. ఆయన పుట్టుపేరు విలియమ్ న్యూపోర్ట్. ఎలిజబెత్ రాణి లార్డ్ చాన్సలరైన మేనమామ సర్ క్రిస్టఫర్ హాటన్ ఆస్తికి వారసుడైనందువల్ల హాటన్ అయ్యాడు. మొదటి భార్య పోయాక ఆయన పెళ్లాడిన యువతి, రాణి ముఖ్యమంత్రి లార్డ్ బర్లీ మనుమరాలైన ఎలిజబెత్ సెసిల్. 1597లో హాటన్ మరణించగా, మరుసటి ఏడు నవంబరులో ఆమె కోక్‌కు రెండో భార్య అయింది; అయినా హాటన్ అనే పేరును మాత్రం జీవితాంతం వదల్లేదు. అంటే ఒకే వ్యక్తి పేరు ఆస్తి కోసం మారవచ్చు, హోదా కోసం మారకుండా ఉండవచ్చు. ఇంగ్లీషు ఇంటిపేరు తండ్రి నుంచి తిన్నగా దిగివచ్చే రేఖ అనుకొనే పరిశోధన ఇక్కడే దారి తప్పుతుంది.

రెండో పెళ్లికి సంబంధించిన ఒక పత్రం మరో కారణంవల్ల ప్రసిద్ధం. చర్చిలో ముందస్తు ప్రకటన గాని, బిషప్పు అనుమతిపత్రం గాని లేకుండా ఒక ఇంట్లో జరిగిన ఈ పెళ్లిపై చర్చి కోర్టు చర్య తీసుకుంది. దేశపు అటార్నీ జనరల్ తనకు చర్చి నిబంధన తెలియదన్న సాకుతో క్షమాపణ పొందాడు.

పూర్వీకులను సంపాదించుకోవడం

కోక్ మొదటి పెళ్లి 1582 ఆగస్టు 13న బ్రిజెట్ పాస్టన్‌తో జరిగింది. పాస్టన్లు అప్పటికి నార్ఫోక్‌లో ఒకటిన్నర శతాబ్దాలుగా పేరుమోసినవారు. అంతకుముందు వారూ వకీళ్ల కుటుంబమే. 1419లో మరణించిన క్లెమెంట్ పాస్టన్ నూరు నూటయిరవై ఎకరాల రైతని, తానే నాగలి పట్టేవాడని, భార్య వెట్టికి కట్టుబడిన కుటుంబం పిల్లని, అప్పు తెచ్చి కొడుకును చదివించాడని శత్రువులు రాసిన ఒక కాగితం చెబుతుంది. ఆ కొడుకు విలియమ్, 1378లో పుట్టి, చట్టం చదివి, 1429లో కామన్ ప్లీస్ న్యాయమూర్తి అయి, భూములు కొని, 1444లో మరణించాడు. అతని కొడుకు జాన్, సర్ జాన్ ఫాస్టాల్ఫ్ అనే సంపన్న సైనికుడికి సలహాదారుగా ఉండి, 1459లో ఆ వృద్ధుడు మరణించగానే మరణశయ్యపై రాసిన వీలునామా ప్రకారం కేస్టర్ కోట తనదేనని ప్రకటించాడు; ఆ దావాయే కుటుంబాన్ని దశాబ్దాలపాటు వ్యాజ్యాల్లోకి, 1469లో ఏకంగా కోట ముట్టడిలోకి ఈడ్చింది.

వెట్టి మూలం ఉన్నవాడికి మేనరు మీద హక్కు లేదన్న వాదన చట్టరీత్యా ప్రమాదకరం కాబట్టి, పాస్టన్లు తమ పూర్వీకులు 1066 నాటి నార్మన్ విజయం వెనువెంటనే ఇంగ్లండు చేరిన వుల్‌స్టన్ అనేవాడి వంశమని పాత పత్రాలు చూపించారు. 1466లో నాలుగవ ఎడ్వర్డ్ రాజు వారు కులీనులేనని ధ్రువీకరించాడు. శత్రువుల కాగితంలోని రైతు క్లెమెంట్, రాజు ధ్రువీకరణలోని నార్మన్ వుల్‌స్టన్ ఇద్దరూ ఆస్తి తగాదాలో పుట్టిన పూర్వీకులే. వీరిలో రైతు వైపే నేటి చరిత్రకారులు మొగ్గడానికి కారణం, అప్పు చేసి చదివించడం వంటి వివరాలు ఆ కుటుంబం తరువాతి నడకకు సరిపోవడం.

కోక్ కాలానికి పూర్వీకులను నిరూపించుకొనే ఈ పని క్రమబద్ధమైంది. 1484లో ఏర్పడి, 1555లో తిరిగి సన్నదు పొందిన ‘కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్’ అనే సంస్థకు చెందిన వంశచిహ్నాధికారులు 1530 నుంచి 1680ల వరకు జిల్లాలు తిరిగి, కుటుంబాలు చెప్పిన వంశక్రమాలను నమోదు చేసుకొని, చిహ్నం ధరించే హక్కును పరీక్షించేవారు. భట్రాజు జమీందారు ఇంటి వంశావళిని సభలో కీర్తించినట్లే వీరూ కులీనత చెప్పేవారు గాని, వీరి పుస్తకం రాజముద్ర ఉన్న ప్రభుత్వ పత్రం కావడమే తేడా. నార్ఫోక్‌లో 1563లోనూ, 1613లోనూ, 1664లోనూ ఈ పర్యటనలు జరిగాయి. ఇంటి యజమాని చెప్పిన తాత ముత్తాతల పేర్లను అధికారి రాసుకొనేవాడు కనుక, యజమాని, అతని తండ్రి, బహుశా తాత వరకు ఆ పుస్తకం నమ్మదగినది. అంతకు పైన దాని విలువ తగ్గుతూ పోతుంది. సగం ఎరుపు, సగం నీలం నేలపై మూడు వెండి డేగలు ఉన్న కోక్ చిహ్నాన్ని చూసినవాడికి తరతరాల యోధుల వంశం స్ఫురించవచ్చు. దాని వెనుక ఉన్నది ఒక తరం వకీలు సంపాదన.

కోక్ తానూ తన వంశం గురించి రాసుకున్నాడు. పదిహేనవ శతాబ్దపు న్యాయమూర్తి లిటిల్టన్ భూమి హక్కులపై రాసిన గ్రంథం ప్రతిలో తెల్ల కాగితాలు కుట్టించుకొని, చట్టం గమనికల మధ్యనే తన పుట్టుక, చదువు, పెళ్లి, పిల్లల జననాలు లాటిన్‌లో నమోదు చేసుకున్నాడు. ఆ పుస్తకం ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. భూమి ఎవరికి పోతుందో చెప్పే గ్రంథంలోనే వారసుల పుట్టినరోజులు రాసుకోవడం యాదృచ్ఛికం కాదు. ఆయన చనిపోతున్న సమయంలో రాజకార్యదర్శి విండబ్యాంక్ ఇంటికి వచ్చి కాగితాలు పట్టుకుపోయాడు; వాటిలో వీలునామా కూడా పోయిందని మనుమడు రోజర్ కోక్ తరువాత రాశాడు. 1641లో పార్లమెంటు కలుగజేసుకోవడంతో మిగిలినవి వారసులకు చేరి, ‘ఇన్‌స్టిట్యూట్స్’ తరువాతి భాగాల ప్రచురణకు దారి ఏర్పడింది.

చట్టం నిర్ణయించిన తండ్రులు

పుట్టుక తేదీ, మరణ సమయం వంటి వివరాలకు న్యాయస్థానంలో ఎంత విలువ ఉండేదో కోక్‌కు పేరు తెచ్చిన షెల్లీ వ్యాజ్యం చూపుతుంది. ఎడ్వర్డ్ షెల్లీ అనే భూస్వామికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడైన హెన్రీ, భార్య గర్భంతో ఉండగా తండ్రికన్నా ముందే మరణించాడు. తండ్రి తన భూమి హక్కును కొత్తగా ఏర్పాటు చేసుకొనేందుకు కోర్టు ప్రక్రియ నడిపిస్తూ, 1554 అక్టోబరు 9 తెల్లవారుజామున మరణించాడు. ప్రక్రియ అదే రోజు కొన్ని గంటల తరువాత పూర్తయింది. చిన్నవాడు రిచర్డ్ భూమిని స్వాధీనం చేసుకున్నాడు. డిసెంబరులో పెద్దవాడి భార్య మగబిడ్డను ప్రసవించింది. తండ్రి మరణించిన క్షణాన ఇంకా పుట్టని మనుమడికా, ఉన్న కొడుక్కా భూమి అన్న వివాదం 1581లో మనుమడి పక్షాన తేలింది. అతని తరఫున వాదించినవారిలో ముప్పయ్యేళ్లు నిండని కోక్ ఒకడు. వంశచరిత్రలో తేదీలే కాదు, గంటలు కూడా ఎందుకు నమోదయ్యాయో ఇటువంటి వ్యాజ్యాలే చెబుతాయి.

అదే కాలపు చట్టం కొన్ని రక్తబంధాలను గుర్తించలేదు. తల్లి వేరైనా, తండ్రి వేరైనా, ఆ సోదరుడు సోదరుడి భూమికి వారసుడు కాలేడు. కొడుకు సంతానం లేకుండా చనిపోతే అతని భూమి తండ్రికి తిరిగిపోదు. ఈ రెండు నిబంధనలూ 1833 వరకు నిలిచాయి. మరోవైపు, రక్తం లేని చోట చట్టం బంధాన్ని సృష్టించేది. భర్త నాలుగు సముద్రాల మధ్య, అంటే రాజ్యంలోనే, ఉన్నంతవరకు భార్య కన్న బిడ్డ అతని బిడ్డే అని, సంతానం కలగడం భర్త వల్ల అసాధ్యమని స్పష్టంగా తేలితే తప్ప వేరే రుజువు చెల్లదని కోక్ తన గ్రంథంలో రాశాడు.

ఈ నిబంధన ఆయన సొంత ఇంటికే వచ్చింది. రెండో భార్య ఎలిజబెత్ వల్ల కలిగిన ఫ్రాన్సెస్‌ను, పోయిన పలుకుబడి తిరిగి సంపాదించుకొనే ఆశతో, రాజుకు ఆప్తుడైన బకింగ్‌హామ్ అన్న సర్ జాన్ విలియర్స్‌కు ఇవ్వాలని కోక్ నిశ్చయించాడు. తల్లి ఎదురుతిరిగి పిల్లను దాచింది. తండ్రి మనుషులతో వెళ్లి తలుపులు పగలగొట్టి తెచ్చుకున్నాడు. 1617 సెప్టెంబరు 29న హాంప్టన్ కోర్టు ప్రాసాదంలో పెళ్లి జరిగింది. 1619లో పర్బెక్ వైకౌంట్ అయిన విలియర్స్ మానసిక రోగి, దంపతులు విడిపోయారు, 1624లో ఫ్రాన్సెస్‌కు పుట్టిన రాబర్ట్, సర్ రాబర్ట్ హోవర్డ్ కొడుకని లోకమంతా అనుకుంది. ఆ బిడ్డకు రైట్ అనే మారుపేరుతో బాప్తిస్మం జరిగింది. 1627లో చర్చి కోర్టు ఫ్రాన్సెస్‌ను వ్యభిచార దోషిగా తీర్చింది. మరుసటి ఏడాదే నాలుగు సముద్రాల నిబంధన ఉన్న ఆమె తండ్రి గ్రంథం వెలువడింది.

ఆ రాబర్ట్ పెద్దవాడై, చార్లెస్ రాజు మరణశిక్షపై సంతకం చేసినవారిలో ఒకడైన సర్ జాన్ డాన్వర్స్ కుమార్తెను పెళ్లాడి, విలియర్స్ పేరు వదిలి డాన్వర్స్ పేరు పుచ్చుకున్నాడు. రాజరికం తిరిగి వచ్చిన 1660లో తన వైకౌంట్ బిరుదును ‘ఫైన్’ పత్రం ద్వారా రాజుకు వదిలేసుకున్నాడు. అతని కొడుకు బిరుదు తనదేనని అడగ్గా, బిరుదు భూమిలాగా ఫైన్‌తో వదులుకోదగినది కాదని 1678లో ప్రభువుల సభ తీర్మానించింది. అయినా ఆ శాఖకు సభలో ఆసనం దక్కలేదు. ఒకే మనిషి చర్చి రిజిస్టరులో రైట్‌గా, చట్టంలో విలియర్స్‌గా, తన ఇష్టంతో డాన్వర్స్‌గా, లోకుల మాటలో హోవర్డ్ కొడుకుగా కనిపిస్తాడు. వంశవృక్షం గీసేవాడు వీటిలో ఒక్కదాన్ని ఎంచుకోవలసి వస్తే, మిగిలిన మూడు కథలను తుడిచేసినట్లే.

హోల్కమ్ దారి

కోక్‌కు బ్రిజెట్ వల్ల పదిమంది సంతానం కలిగారు. పెద్ద వారసుడు రాబర్ట్ 1653లో సంతానం లేకుండా మరణించడంతో ఆస్తి తమ్ముడు జాన్‌కు చేరింది. నార్ఫోక్ ఉత్తర తీరంలోని హోల్కమ్‌లో తండ్రి 1609లో ఒక మేనరు కొన్నాడు. అక్కడి మరో ఎస్టేటుకు వారసురాలైన మెరియల్ వీట్లీని పెళ్లాడిన జాన్ ఆ ఊళ్లోనే స్థిరపడ్డాడు. అతని పురుష సంతతి కూడా ఎక్కువ కాలం నిలవక, ఆస్తి మరో కుమారుడు హెన్రీ శాఖకు మళ్లింది. ఆ శాఖలో 1697లో పుట్టి లెస్టర్ ప్రభువైన థామస్ కోక్ హోల్కమ్ హాల్ అనే మహాభవనాన్ని కట్టించాడు; ఏకైక కుమారుడు 1753లో, తాను 1759లో మరణించడంతో పురుష రేఖ అక్కడితో ఆగింది. ఆ తరువాత వారసుడైనవాడు సోదరి ఆన్ కొడుకు వెన్మన్ రాబర్ట్స్. కోక్ పేరు పెట్టుకోవడంతో ఆయన కోక్ అయ్యాడు. వ్యవసాయ సంస్కరణలకు పేరుపొందిన థామస్ విలియమ్ కోక్, 1754లో పుట్టి 1837లో లెస్టర్ ప్రభువై 1842లో మరణించినవాడు, ఈ వెన్మన్ కొడుకే. నేరుగా సాగినట్లు కనిపించే కోక్ పేరు వెనుక, ఆడపడుచు కొడుకు పేరు మార్చుకున్న మలుపు ఉంది.

ఆస్తి దారిలో లేని కుమార్తెలను మరోచోట వెతకాలి. కోక్ కుమార్తె ఆన్, రాల్ఫ్ సాడ్లర్‌ను పెళ్లాడింది. ఆమెకు సంతానం లేదు. అయినా తాను సేకరించిన రాతప్రతులను తండ్రి చదివిన ట్రినిటీ కళాశాలకు ఇవ్వడం వల్ల ఆమె గొంతు నిలిచింది. చిన్ననాట కోక్ చేరదీసిన రోజర్ విలియమ్స్, అమెరికాలో రోడ్ ఐలండ్ వలసను స్థాపించిన తరువాత 1650లలో ఆమెకు రాసిన లేఖలూ, అతని మతభావాలను ఆమె కటువుగా తిరస్కరించిన జవాబులూ అక్కడే ఉన్నాయి. తండ్రి ఆశ్రయం కుటుంబ బంధమేనా అన్న ప్రశ్నపై విలియమ్స్‌కూ ఆన్‌కూ ఒకే అభిప్రాయం లేదు. ఏ క్రయపత్రమూ ఈ సంగతి చెప్పదు.

ఈ ఆధారాలను కలిపి చదివితే తేలే పద్ధతి ఒక్కటే. ప్రతి పత్రాన్నీ పట్టుకొని, అది ఏ ఆస్తి ప్రశ్నకు సమాధానంగా పుట్టిందో ముందు తేల్చాలి. ఆ ప్రశ్నకు అవసరమైనవారే అందులో ఉంటారు, అవసరం లేనివారు లేకుండా పోతారు. చిన్న కొడుకులు, ఆడపిల్లలు, వేరు తల్లి బిడ్డలు, పెళ్లి వెలుపలి సంతానం మౌనంగా ఉండడం వారు లేరనడానికి రుజువు కాదు, చట్టం వారిని అడగలేదనడానికి రుజువు. ఇంగ్లీషు భూమి చట్టాన్ని తన తరంలో అందరికన్నా లోతుగా తెలిసి, వారసత్వం ఎలా నడవాలో గ్రంథాలకెక్కించిన కోక్ కుటుంబంలోనే ఆ నియమాలు ఇన్ని మలుపులు తిరిగాయంటే, అంత దస్తరం మిగలని ఇతర కుటుంబాల వంశవృక్షాల్లో తిన్నని గీతలను మరింత అనుమానంతో చూడవలసి ఉంటుంది.